నేను లీడర్‌గా దిగిపోయాకే ట్రైనర్‌నయ్యాను – నా అనుభవం

పోయిన నెలలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ అయిపోయిందట, హైదరాబాద్‌లో నాలుగు నెలలు ఏదో ఆఫీసులో చేసి నచ్చక వచ్చేసిందట. "మేడమ్, నేను కూడా మీలాగా లీడర్‌షిప్ ట్రైనర్ అవ్వాలనుకుంటున్నా, ఏం కోర్సు చేయాలి, ఎన్నేళ్లు పడుతుంది, నెలకు ఎంతొస్తుంది?" అని గబగబా అడిగేసింది. కోర్సు పేరు నా దగ్గర లేదు. నేను చదివింది పదో తరగతి, చేసేది పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాల లీడర్లకు శిక్షణ ఇవ్వడం. ఆ అమ్మాయికి ఫోన్‌లో ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలా అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, అందరికీ విడివిడిగా చెప్పే తీరిక ఉండటం లేదు.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా అయింది. వాన పడితేనే పంట. జొన్న, కంది, తర్వాత తర్వాత పత్తి. దసరా దాటిందంటే సగం ఊరు ముంబై, పుణె బండెక్కేది. మా ఆయన కూడా పుణెలో మేస్త్రి పనికి పోయేవాడు, నేను చిన్నపిల్లతో అత్తమ్మ దగ్గర ఉండేదాన్ని. 2000లో ప్రభుత్వం 'వెలుగు' అనే పేదరిక నిర్మూలన పథకం మొదలుపెట్టిన మొదటి ఆరు జిల్లాల్లో మాది ఒకటి. మరుసటి ఏడు మా ఊరికి వచ్చారు. గుడి ముందు నేల అలికించి, ఆడవాళ్లతోనే ముగ్గుతో ఊరి పటం వేయించారు, ఏ ఇల్లు ఎవరిది, ఎవరికి భూమి ఉంది, ఎవరు వలస పోతారు, ఎవరింట్లో రెండు పూటలా పొయ్యి వెలగదు అని అడిగి, నిరుపేదల ఇళ్ల మీద కుంకుమ బొట్టు పెట్టించారు. మా ఇంటి మీద కూడా పెట్టారు. అందరి ముందూ ఆ బొట్టు చూసి నాకు చాలా సిగ్గేసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయాను. ఆ బొట్ల ఇళ్లవాళ్లమే 13 మందిమి కలిసి సంఘం పెట్టుకున్నాం. రోజుకో రూపాయి, నెలకు 30 రూపాయల పొదుపు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. 10 నుంచి 15 మంది ఒక సంఘం, ఊళ్లో సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం, గ్రామ సంఘాలన్నీ కలిస్తే మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. సంఘానికి ఒకటో లీడర్, రెండో లీడర్ ఉంటారు, బ్యాంకులో డబ్బు తీయాలంటే వాళ్ల సంతకాలే. నడపడానికి పంచసూత్రాలు ఉంటాయి: క్రమం తప్పకుండా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల్లోపల అప్పులు ఇచ్చుకోవడం, వాయిదాకు కట్టడం, పుస్తకాలు రాయడం. డ్వాక్రా కాలం నుంచి సంఘాలు చూసినవాళ్లెవరినైనా అడగండి, సంఘం చెడిపోయిందంటే ముందు చెడేది ఆ చివరిదే అని చెప్తారు.

13 మందిలో చదువొచ్చింది నాకొక్కదానికే. కాబట్టి పుస్తకం నేనే రాశాను, 2003 నుంచి ఒకటో లీడర్ కూడా నేనే. రెండేళ్లకోసారి లీడర్లను మార్చుకోవాలని మా సంఘాలను చూసే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటర్) సార్ చెప్పేవాడు, మేమూ తల ఊపేవాళ్లం, మళ్లీ నా పేరే రాసుకునేవాళ్లం. నిజంగా కష్టపడ్డాను. బ్యాంకుకు పోయి సగం పూట నిలబడి వచ్చేదాన్ని, పావలా వడ్డీ లోన్ మా సంఘానికి వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం, నాకు రెండు గొర్రెలు, వరసకు తోడికోడలయ్యే ఆమెకు కుట్టు మిషన్. అంతా నా వల్లే నడుస్తోంది అన్న నమ్మకం మెల్లగా మనసులో గట్టిపడింది.

2009లో ఒక సమావేశంలో ఆ తోడికోడలే అడిగింది. "అక్కా, ఆరేండ్ల సంది సంతకం నీదే. బ్యాంకుల మన పేరు మీద ఎంతుందో నాకైతే తెల్వదు. ఒక్కసారి చదివి చెప్పరాదూ?" అంది. గొంతులో కోపం కూడా లేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంత చేస్తే నన్నే అనుమానిస్తారా అని పుస్తకం చాప మీద విసిరేసి ఇంటికొచ్చేశాను. రాత్రి అన్నం తినలేదు. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుని, "ఏందమ్మా, అడిగితే కోపమెందుకు? ఉన్నదేదో చదివితే అయిపోతది గదా" అంది. లైటు వేసుకుని పుస్తకం తెరిచాను. నగదు పుస్తకానికి, సభ్యుల పాస్‌బుక్కులకు, బ్యాంకు పుస్తకానికి లెక్క కుదరలేదు. 1,840 రూపాయలు తేడా.

ఆ డబ్బు నేను తినలేదు. కానీ ఎక్కడ పోయిందో చెప్పలేని లీడర్‌కు, తిన్న లీడర్‌కు ఊళ్లో తేడా ఏముంటుంది? ఎనిమిది రోజులు పట్టింది. ఇంటింటికీ తిరిగి, ఎవరు ఏ నెల ఎంత కట్టారో అడిగి, ఒక్కో పాస్‌బుక్ పక్కన పెట్టుకుని చూస్తే తెలిసింది. ఒకామె కట్టిన రెండు వాయిదాలను, అదే పేరున్న ఇంకొకామె కూడా కట్టినట్టు నగదు పుస్తకంలో రెండోసారి రాసేశాను. మరుసటి సమావేశంలో ఆ పేజీ అందరికీ చూపించి, తప్పు అంకెల మీద గీత కొట్టి, పక్కన సరైనవి రాసి సంతకం పెట్టాను. అదే రోజు లీడర్‌గా దిగిపోయాను. నా స్థానంలో ఎవరొచ్చారనుకున్నారు? ఆ తోడికోడలే. సంతకం తప్ప ఏమీ రాయడం రాదు, అయినా ప్రతి నెలా పుస్తకం పైకి చదివించి, అందరూ సరే అన్నాకే కింద సంతకం పెట్టేది. నేను పక్కన కూర్చుని రాసేదాన్ని. లీడర్ పని అంటే ఏమిటో నాకు అప్పుడు, ఆమెను చూసి తెలిసింది.

తర్వాత ఏడాదే మైక్రో ఫైనాన్స్ అప్పుల గొడవ. వారం వారం వాయిదాలు, ఒక కంపెనీది కట్టడానికి ఇంకో కంపెనీలో తీసుకోవడం, ఇంటి ముందు ఏజెంట్లు కూర్చోవడం. 2010 అక్టోబర్‌లో ఆ కంపెనీలను అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మా గ్రామ సంఘం తరఫున ఎవరికి ఎక్కడెక్కడ ఎంత అప్పుందో నేను జాబితా రాశాను. ఒకే ఇంట్లో అత్తకు తెలియకుండా కోడలు, కోడలికి తెలియకుండా అత్త తీసుకున్న అప్పులు ఒకే కాగితం మీదికి వచ్చాయి. అడగకుండా వినడం అనేది ఆ నెల రోజుల్లో నేర్చుకున్నాను.

2011లో మండల సమాఖ్య నుంచి సీఆర్పీగా ఎంపికయ్యాను. పేరుకు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్, అసలు అర్థం ఏమిటంటే, సంఘం వల్ల బాగుపడ్డ మనిషి ఇంకో ఊరికి పోయి, అక్కడే ఉండి, తన బతుకు చెప్పి సంఘాలు పెట్టించాలి. సర్టిఫికెట్లు అడగరు. నీ సంఘం సరిగ్గా నడుస్తోందా, నువ్వు అప్పు వాయిదాకు కట్టావా, పదిమంది ముందు నీ కథ నువ్వు చెప్పగలవా, ఇవే చూస్తారు. మొదట పక్క జిల్లాల్లో తిరిగాను. ఆ ఏడాదే కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలుపెట్టింది, మా ఆంధ్రప్రదేశ్ సీఆర్పీలను (అప్పటికింకా ఉమ్మడి రాష్ట్రమే) వేరే రాష్ట్రాలకు పిలిచేవాళ్లు. 2012 చలికాలంలో నా పేరు బీహార్‌కు వచ్చింది. 45 రోజులు. ఊరికి 15 రోజుల చొప్పున మూడు ఊళ్లు.

మా ఆయన వద్దన్నాడు. భాష రాదు, దారి తెలియదు, పిల్లలెట్లా అని. అత్తమ్మే "పోనియ్యిరా, నువ్వు పుణె పోయినప్పుడు మేమేమన్న ఆపినమా? పిల్లలను నేను చూసుకుంట" అంది. ఆమె కూడా పెద్దవాళ్ల సంఘంలో సభ్యురాలు. ఆ ఒక్క మాట లేకపోతే నేను ఈ పనిలో ఉండేదాన్ని కాదు.

సికింద్రాబాద్‌లో రైలెక్కి, ఒకటిన్నర రోజు కూర్చుని పట్నాలో దిగి, అక్కడి నుంచి గయ జిల్లా. మా ఊళ్లో ముస్లింల ఇళ్ల మధ్య పెరిగాను కాబట్టి ఉర్దూ వచ్చు, దానితో నెట్టుకురావచ్చు అనుకున్నాను. వాళ్లేమో ఇంట్లో మగహీ మాట్లాడతారు. పొద్దున తొమ్మిదైనా మంచు విడిచేది కాదు, చేతివేళ్లు కొంకర్లు పోయి పెన్ను పట్టుకోలేకపోయేదాన్ని. మేం ముసహర్ టోలాలో, అంటే ముసహర్ అనే దళిత కులంవాళ్ల వాడలో మొదలుపెట్టాం, ఎందుకంటే ముందు నిరుపేదల దగ్గరికే పోవాలన్నది మా పద్ధతి. మూడు రోజులు ఎవరూ రాలేదు. అంతకుముందు ఎవరో పొదుపు పేరు చెప్పి డబ్బు కట్టించుకుని పారిపోయారట, మగవాళ్లు మమ్మల్ని చుట్టుముట్టి మీరు ఏ కంపెనీ వాళ్లు అని అడిగేవాళ్లు. నేను నా కథ చెప్పాను. గొర్రెలు, లోన్లు, పిల్లల చదువు. ముఖాల మీద కొంగు లాక్కుని విన్నారు, లేచిపోయారు.

నాలుగో రోజు నా సంచిలోంచి మా సంఘం పాత నగదు పుస్తకం తీశాను. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు, ఎర్ర అట్ట ఊడిపోతే దారంతో కట్టి ఉంది. ఆ 1,840 పేజీ తెరిచి, గీత కొట్టిన అంకెలు చూపించి, ఇది నా తప్పు, ఇదిగో నా సంతకం, 12 మంది ముందు ఒకామె నన్ను లెక్క అడిగింది అని చెప్పాను. తెలుగు అక్షరాలు వాళ్లకు రావు, అంకెలు ఇద్దరు ముగ్గురికి తెలుసు, వాళ్లు వేలు పెట్టి చదివి పక్కవాళ్లకు చెప్పారు. ఒక ముసలామె ముఖం మీద కొంగు తీసి మొదటిసారి నావైపు చూసింది. "దీదీ, నిన్ను కొట్టలేదా?" అని అడిగింది. లేదు అన్నాను. "తిట్టలేదా?" లేదు. "మరి అడిగినామెను నువ్వేం చేశావు?" ఆమె ఇప్పుడు మా లీడర్ అన్నాను. ఆ రోజు సాయంత్రం 11 మంది వచ్చి కూర్చున్నారు.

లీడర్‌ను ఎంచుకునే రోజు ఇంకా గుర్తుంది. మీకు తెలిసిన నాయకులు ఎవరు అని అడిగితే ముఖియా (వాళ్ల సర్పంచ్) పేరు, ఎమ్మెల్యే పేరు చెప్పారు. ఆ ముసలామె మాత్రం దశరథ్ మాంఝీ పేరు చెప్పింది. గహ్లౌర్ కొండను సుత్తి, ఉలితో 22 ఏళ్లు కొట్టి దారి చేసిన మనిషి, ఆ జిల్లావాడే, వాళ్ల కులంవాడే. అందరూ ఔనౌను అన్నారు. అప్పుడొక చిన్నపిల్ల, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, "ఇంకో పదిమంది తోడుంటే అన్నేళ్లు పట్టేదా?" అంది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఆ పిల్లనే రెండో లీడర్‌గా పెట్టుకున్నారు. డబ్బు పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో, పుస్తకం మూడోవాళ్లింట్లో.

తిరిగి వచ్చాక మూడు రాష్ట్రాల్లో ఇంకో ఐదు రౌండ్లు చేశాను, అవన్నీ రాస్తే ఇక్కడ పట్టదు. 2014లో రాష్ట్రం విడిపోయాక మా జిల్లాలోనే లీడర్ల శిక్షణకు పిలవడం మొదలైంది. అప్పుడు చేసిన తప్పు చెప్పాలి, కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది ఇదే చేస్తారు కాబట్టి. ఎవరో ఇచ్చిన స్లైడ్లు గోడ మీద వేసి, లీడర్‌కు ఉండాల్సిన లక్షణాలు అని ఒక పూటంతా నేనే మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, బాగా చెప్పావమ్మా అన్నారు. రెండు నెలల తర్వాత అదే మండలంలోని ఒక ఊరికి పోతే, ఆ క్లాసుకు వచ్చిన లీడరే బ్యాంకుకు మొగుణ్ని పంపుతోంది. అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను.

ఇప్పుడు నా మూడు రోజుల శిక్షణ వేరేగా ఉంటుంది. స్త్రీ శక్తి భవనంలో కుర్చీలు తీయించి చాపలు పరిపిస్తాను. 30 మందికి మించి ఒప్పుకోను. లీడర్‌తో పాటు లీడర్ కాని సభ్యురాలు ఒకరు రావాల్సిందే, ఇది నేను పట్టుబట్టి పెట్టించుకున్న నియమం. మొదటి ప్రశ్న ఆ సభ్యురాలికే, మీ సంఘంలో ఈ రోజు ఎంత డబ్బుంది అని. లీడర్ నోరు తెరవకూడదు. చాలాసార్లు సభ్యురాలు తలదించుకుంటుంది, లీడర్ పక్కన మెలికలు తిరిగిపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని నేను నింపను, ఎంతసేపైనా సరే. ఇది నేర్చుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది, అంతకుముందు ఎవరైనా తడబడితే నేనే అందుకుని చెప్పేసేదాన్ని. రెండు గంటలకు, అన్నం తిన్నాక నిద్రమత్తు వస్తుంది కదా, అప్పుడు బ్యాంకు నాటకం వేయిస్తాను. అందరిలోకీ తక్కువ మాట్లాడే ఆమెను మేనేజర్‌గా కూర్చోబెడతాను. లీడర్లు చేతులు కట్టుకుని నిలబడితే మళ్లీ మొదటి నుంచి చేయిస్తాను, కుర్చీ లాక్కుని కూర్చుని, పాస్‌బుక్ బల్ల మీద పెట్టి మాట్లాడేదాకా.

మూడో రోజు పొద్దున దిగిపోవడం నేర్పిస్తాను. ఇది ఏ మాడ్యూల్‌లోనూ నాకు కనపడలేదు, నా సొంతం. లీడర్ తన దగ్గరున్నవి, పుస్తకాలు, పాస్‌బుక్, స్టాంపు, తాళంచెవి, ఒక్కొక్కటి చాప మీద పెట్టాలి, లెక్క పైకి చదవాలి, ఆ సభ్యురాలు ఒక్కొక్కటి తీసుకోవాలి. ఆటే, నిజం కాదు, అందరికీ తెలుసు. అయినా స్టాంపు వదలడానికి చేయి రాక ఏడ్చినవాళ్లను చూశాను. వాళ్లను నేను బాగా అర్థం చేసుకోగలను.

2019 జనవరి పంచాయతీ ఎన్నికల తర్వాత సర్పంచులకు, వార్డు సభ్యులకు శిక్షణలో కూడా పిలిచారు. గెలిచిన ఆడవాళ్లలో మన సంఘాల నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటి రోజు వెనక వరసలో భర్తలు కూర్చునేవాళ్లు, పేరు అడిగితే వాళ్లే చెప్పేవాళ్లు. వాళ్లను మర్యాదగానే బయట టీ కొట్టుకు పంపించేదాకా క్లాసు మొదలుపెట్టేదాన్ని కాదు. 2018లో వచ్చిన కొత్త పంచాయతీ రాజ్ చట్టంలో చెక్ మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం ఉండాలని పెట్టారు కదా, రాత్రి పదింటికి ఫోన్లు వచ్చేవి, అక్కా, ఉపసర్పంచ్ సంతకం పెట్టట్లేదు, ఏం చేయను అని. ముందు తీర్మానం చదివి వినిపించు, ఎందుకు పెట్టవో అక్కడే అందరి ముందు చెప్పమను అనేదాన్ని. కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల చేయలేదు.

డబ్బు సంగతి. శిక్షణ ఉన్న రోజుకే గౌరవ వేతనం, బస్సు ఛార్జీ. ఒక నెలలో 12 రోజులుంటుంది, ఇంకో నెలలో ఒక్కటీ ఉండదు, ఎన్నికల కోడ్ వస్తే అన్నీ ఆగిపోతాయి, బిల్లు రావడం ఒక్కోసారి మూడు నెలలు. కాబట్టి ఆ అమ్మాయికి చెప్పేది ఇదే, మొదటి మూడేళ్లు ఇంకో ఆదాయం ఉంచుకో. నాకు రెండు బర్రెలు ఉన్నాయి, అత్తమ్మ పోయాక వాటిని మా ఆయనే చూసుకుంటున్నాడు, పుణె పోవడం మానేసి ఏడేళ్లయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగులకు క్లాసులు చెప్పమని పిలిచారు, ఒక్క రోజుకు ఇచ్చింది నాకు ఇక్కడ పది రోజులకు వచ్చేదంత. రెండుసార్లు పోయాను. మంచివాళ్లే, బాగా చూసుకున్నారు. కానీ క్లాసు అయ్యాక వాళ్ల సంగతి ఏమైందో నాకు తెలిసే దారి లేదు, మళ్లీ పోయి చూసే పని లేదు. నాకు ఆ తర్వాతి పనే కావాలి. మూడోసారి రానని చెప్పాను, ఇంట్లో వారం రోజులు టెన్షన్ నడిచింది, పిల్లదాని కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది. అయినా ఇప్పటికీ ఆ నిర్ణయం తప్పనిపించలేదు.

దానికి తోడు ఏడాదికి రెండు చెడిపోయిన సంఘాలను, ఎవరూ పిలవకపోయినా, నా ఖర్చుతో పట్టుకుంటాను. లెక్క తేలేదాకా వదలను. ఈ ఏడు ఒక తండా. మూడేళ్లుగా పుస్తకం రాయలేదు, లీడర్ సంతకాలు పెట్టిస్తూ పోయింది, మిగతావాళ్లు కట్టడం మానేశారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పోయిన మంగళవారం వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. నేనేమీ బోధించలేదు. పాత పుస్తకం మొదటి పేజీ నుంచి, ఏ నెల ఎవరు ఎంత కట్టారో పేరుపేరునా చదువుతూ పోయాను, లంబాడీలో చెప్పడానికి ఒక ఇంటర్ పిల్లను పక్కన పెట్టుకున్నాను. ఎండ నెత్తి మీదికొచ్చింది, చాప రెండుసార్లు నీడలోకి జరుపుకున్నాం. నాలుగింటికి, చివర్న కూర్చున్న ఒక యాడి (లంబాడీలో అమ్మ), పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు ఆమె, ముందుకు జరిగి పుస్తకం మీద చేయి పెట్టి ఆపింది. ఏదో అడిగింది. ఇంటర్ పిల్ల నావైపు తిరిగి, "తన పేరు మీద మొత్తం ఎంతుందో చెప్పమంటోంది" అంది. నేను సమాధానం చెప్పలేదు, పుస్తకం లీడర్ ఒళ్లో పెట్టాను. ఆమె కూడడం మొదలుపెట్టింది, రెండుసార్లు తప్పింది, మూడోసారి పక్కావిడ వేళ్లు లెక్కపెట్టి సాయం చేసింది.

ఆరింటి బస్సు వెళ్లిపోయింది, రాత్రి అక్కడే పడుకున్నాను. వచ్చే మంగళవారం అందరూ ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులు వెతికి తెస్తామన్నారు.